పొయ్యికి బయానా

కూతురు కవరు చాపింది. తండ్రి చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఒక్క మాటైనా అనకుండా దుకాణం మెట్లు దిగి వెళ్లిపోయాడు. పోయినవారం భాగంలో మనం ఆయన వీపు చూస్తూ ఆగిపోయాం.

కవర్లో ఉన్నది రొట్టెల పొయ్యి కట్టడానికి బయానా. చాపినామె పిచ్చుక. అసలు పేరు వేరే ఉంది గానీ, పుట్టింట్లోనూ అత్తింట్లోనూ అందరూ అలాగే పిలుస్తారు. చివరికి బ్యాంకు ఆఫీసరు కూడా ఓసారి నోరు జారి అలాగే పిలిచి, నాలిక్కరుచుకున్నాడు. వెళ్లిపోయినాయన ఆమె నాన్న, పొయ్యిల మేస్త్రి. ఊళ్లో సగం రొట్టెల దుకాణాల్లో పొయ్యిలు ఆయన కట్టినవే.

ఆయన అలిగాడేమోనని మీలో కొందరు కంగారుపడి ఉంటారు. ఆయనకు అలగడానికి కూడా మొహమాటమే. మర్నాడు పొద్దున్నే టేపు, మేకు, దారం పట్టుకుని మళ్లీ వచ్చాడు. ఏమీ జరగనట్టు వెనక గదిలో నేల చదును చేయడం మొదలుపెట్టాడు. డబ్బు మాట ఎత్తితే మాత్రం ఆయనకు ఎక్కడలేని చెవుడూ ముంచుకొస్తుంది.

బ్యాంకుకు ఈ చెవుడు అర్థం కాదు. పొయ్యి ఖర్చులో పిచ్చుక వంతు ముందు మేస్త్రికి ముట్టాలి. ముట్టినట్టు పిచ్చుక పేరు మీద, మేస్త్రి సంతకంతో రసీదు రావాలి. అప్పుడే అప్పు మంజూరవుతుంది. గడువు ఇవాళ సాయంత్రం బ్యాంకు మూసేదాకా. దాటితే ఫైలు వెనక్కి పోతుంది, కూడబెట్టుకున్నదంతా దుకాణం అద్దెకే కరిగిపోతుంది. వేరే మేస్త్రి అయితే కవరు జేబులో పెట్టుకుని వారం దాకా మొహం చూపించడు. ఈ మేస్త్రి రోజూ పనిలోకి వస్తాడు, డబ్బు మాత్రం పుచ్చుకోడు. ఇలాంటి మనిషితో వేగాలంటే కన్నకూతురే కావాలి.

పిచ్చుక పట్టుదలకు కారణం ఉంది. పుట్టి బుద్ధెరిగాక తనదంటూ చెప్పుకోవడానికి ఆమెకు ఇదే మొదటిది. పుట్టింట్లో ఉన్నవన్నీ నాన్న బాకీదార్లు దయతలచి ఇచ్చినవి. అత్తింట్లో ఉన్నవన్నీ అడక్కముందే అత్తగారు అమర్చిపెట్టినవి. అత్తగారి మంచితనం గురించి ఎవరికీ రెండో మాట లేదు. కానీ ఎవరి మంచితనంలోనైనా ఎంతకాలమని కాపురం ఉంటారు చెప్పండి? ఈ దుకాణం తాళంచెవి పిచ్చుకది. ఫైలు మీద పేరు పిచ్చుకది.

మధ్యాహ్నం అయింది. ఇదివరకు ఆ వెనక గదిలో టైర్లకు పంక్చర్లు వేసేవాళ్లు, గోడల నిండా నూనె చేతుల అచ్చులు ఇంకా ఉన్నాయి. మేస్త్రి నేల మధ్యలో మేకు కొట్టి, దారం బిగలాగి, దాని కొసన సుద్దముక్క పెట్టి గుండ్రంగా గీస్తున్నాడు. పిచ్చుక వెళ్లి సరిగ్గా ఆ గీత మీద నిలబడింది.

"జరుగమ్మా, గీత తొక్కుతున్నావ్."

"జరగను. ముందు మాట్లాడు."

"మాట్లాడుతున్నాగా, జరగమని."

పిచ్చుక జరగలేదు సరికదా, అక్కడే చతికిలబడి కాగితం పరిచింది. "చూడు నాన్నా. మూడు వాయిదాలు. పని మొదలెట్టకముందు ఒకటి. గుమ్మటం మూతపడ్డాక రెండోది. పొయ్యి ఆరి, తొలి రొట్టె కాలాక మూడోది. ఇందులో నీకేమిటి అభ్యంతరం?"

మేస్త్రి కళ్లజోడు సవరించుకుని కాగితం మీదికి వంగాడు. "మూడోది బాగుంది."

"మిగతా రెండూ?"

"అవెందుకూ, కాగితం దండగ."

"ఇటుకలు ఎవడిస్తాడు?"

"నా మాట మీద ఇస్తాడు."

"ఇసుక?"

"వాడూ అంతే. మంచివాడు."

"రొట్టె సరిగ్గా కాలకపోతే?"

"కాలకపోతే నువ్వు నాకేం ఇవ్వక్కర్లేదు."

"కాలితే?"

"కాలితే..." మేస్త్రి కాసేపు ఆలోచించాడు. "అప్పుడు చూద్దాంలే."

లోకంలో బేరమంటే పనివాడు పైకి లాగడం, పని చేయించుకునేవాళ్లు కిందికి లాగడం. ఈ గదిలో అదంతా తలకిందులైంది. పిచ్చుక సగం ముందే ఇస్తానంది, మేస్త్రి పావు కూడా వద్దన్నాడు. పోనీ ఇటుకల మటుకైనా పుచ్చుకోమంది. ఆయన సుద్దముక్క వంక చూస్తూ తల అడ్డంగా ఊపాడు. ఎవరైనా కిటికీలోంచి విని ఉంటే ఇద్దరికీ మతి చలించిందనుకునేవారు.

"సరే, డబ్బు ముట్టుకోకు," అంది పిచ్చుక. "ఉత్త రసీదు మీద సంతకం పెట్టు. అంతే."

మేస్త్రి మొహం ఎర్రబడింది. "పుచ్చుకోని డబ్బు పుచ్చుకున్నానని రాయనా? ఇందుకేనా నీకు చదువు చెప్పించింది?"

"నన్ను చదివించింది నువ్వు కాదు నాన్నా. అమ్మ గాజులు."

మేస్త్రి దారం వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చున్నాడు. ఆ మౌనం పిచ్చుకకు కొత్త కాదు. చిన్నప్పటినుంచీ ఆ మౌనానికి జాలిపడి నోరు మూసుకోవడమే ఆమెకు అలవాటు. ఇవాళ మూసుకోలేదు.

"ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. నీ బతుకంతా బోడి మల్లయ్యగానే గడిచింది. పొయ్యి రాజుకునేదాకా 'మేస్త్రిగారూ, మేస్త్రిగారూ'. రాజుకున్నాక రేపు రా, ఎల్లుండి రా. బాకీ కోసం వెళ్లి నువ్వేం చేసేవాడివి? అడిగేవాడివా? వాకిట్లో నిలబడేవాడివి. నీ చెయ్యి పట్టుకుని నేనూ నిలబడేదాన్ని. వాళ్లు నిన్న మిగిలిన రొట్టెలు పొట్లం కట్టిచ్చేవాళ్లు. నువ్వు వాటికి కూడా దండం పెట్టేవాడివి. అడగందే అమ్మైనా పెట్టదంటారే, మరి ఊళ్లోవాళ్లు పెడతారా? మొహమాటానికి పోతే ఏమవుతుందో ఒక సామెత ఉంది, నీ ముందు అనలేను గానీ..."

ఆ సామెత మేస్త్రికీ తెలుసు. ఆపుకుందామన్నా ఆగక నవ్వు వచ్చింది.

"నవ్వకు." పిచ్చుక మొహం పక్కకు తిప్పుకుంది. "తాజా రొట్టె ఎలా ఉంటుందో నాకు పెద్దయ్యాక, రొట్టెల దుకాణంలో పనికి చేరాక తెలిసింది. మొదటిరోజు పొయ్యిలోంచి తీసిన రొట్టె విరిచి నోట్లో పెట్టుకుంటే ఏడుపొచ్చింది. ఆ పొయ్యి కట్టింది నువ్వే నాన్నా. అందుకే పెడుతున్నా ఈ దుకాణం. నాకు లాభం రాకపోయినా సరే, నా పొయ్యి కట్టేవాడు మాత్రం దర్జాగా బయానా పుచ్చుకుని కట్టాలి. అది మా నాన్న అయితే మరీనూ."

ఇదీ ఇన్నేళ్లుగా ఆమె కడుపులో ఉన్న మాట. కోపమనుకుంది గానీ, పైకి వచ్చాక చూస్తే అందులో కోపం పిసరంతే ఉంది. మిగతాదంతా ప్రేమే.

మేస్త్రి వేలికి చుట్టిన దారం మెల్లిగా విప్పి పక్కన పెట్టాడు.

"ఒకసారి పుచ్చుకున్నాను," అన్నాడు. "ఒక్కసారే."

పిచ్చుక ఆశ్చర్యంగా చూసింది. ఈ మాట ఆమె ఎన్నడూ వినలేదు.

"అప్పటికి నాకు పని కొత్త. ఒకావిడ తన పెరట్లో చిన్న పొయ్యి కట్టమంది. బన్నులు కాల్చి బడిపిల్లలకు అమ్ముకుందామని ఆవిడ ఆశ. డబ్బాలో ఎప్పటినుంచో కూడబెట్టుకుందట, తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను అడగలేదమ్మా. 'ముందే ఇచ్చేస్తే నేను భయపడి వెనక్కి తగ్గే వీలుండదు, ఉంచండి' అంది. జేబులో పెట్టుకుని ఇటుకలకు బయల్దేరాను. సగం దారిలో పక్కింటాయన సైకిల్ మీద ఎదురొచ్చాడు. మీ అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్లారని."

"నేనా?"

"నువ్వే. నెలలు నిండనే లేదు, తొందరపడి వచ్చేశావు. నా అరచేతిలో పడుకోబెడితే ఇంకా చోటు మిగిలేది. ఏడుపు కూడా పిచ్చుక కూసినట్టే. అద్దాల పెట్టెలో పెట్టాలన్నారు. పెట్టాలంటే ముందు డబ్బు కట్టాలన్నారు. వాళ్లకూ బయానా కావాలి మరి." మేస్త్రి చేతులు చూసుకున్నాడు. "జేబులో డబ్బుంది. అది నాది కాదు. డబ్బు కట్టే కిటికీ ముందు ఒక్క నిమిషం నిలబడిపోయానమ్మా. కట్టనా వద్దా అని. పరాయి డబ్బు వాడినందుకు నాకు సిగ్గు లేదు. కానీ అక్కడ ఆ నిమిషం ఆలోచించాను చూడు, అది మాత్రం ఇప్పటికీ నిద్ర పట్టనివ్వదు."

పిచ్చుక కళ్ల నిండా నీళ్లు. ముద్దుపేరనుకుని ఇన్నేళ్లూ మోస్తున్న పేరు వెనక ఇంత ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. అమ్మను ఎప్పుడు అడిగినా "సన్నగా ఉండేదానివిలే" అని దాటేసేది.

"మరి ఆవిడకు వెళ్లి చెప్పలేదా?"

"వెళ్లాను. గోడ మీంచి చూశాను. పెరడంతా ఊడ్చుకుంది. కొలత కోసం నేను గీసిన గీత చెరిగిపోతుందని చుట్టూ రాళ్లు పేర్చుకుంది. అది చూశాక నాకు నోరు పెగల్లేదు. ఇంక ఆ వీధిలో అడుగు పెట్టలేదు. చుట్టూ తిరిగి వెళ్లేవాణ్ణి. ఆవిడా నన్ను వెతుక్కుంటూ రాలేదు. తర్వాత మిషను కొనుక్కుని దిండ్ల గలీబులు కుట్టుకుని బతికిందని విన్నాను. అప్పట్నుంచీ పని పూర్తికాకుండా ఎవరి డబ్బూ ముట్టుకోలేదు. ముట్టుకుంటే మళ్లీ ఎవరి పెరడు ఎండగట్టేస్తానో అని భయం."

పిచ్చుక జరిగి తండ్రి పక్కకు చేరింది. ఆయన వేళ్లకు అంటిన సుద్ద తన కొంగుతో తుడిచింది. ఇందాకటి మాట వెనక్కి తీసుకుందామంటే ఎలా తీసుకోవాలో తెలియలేదు. "గాజుల మాట అనకుండా ఉండాల్సింది," అంది చివరికి.

"నిజమేగా. అనకపోతే ఎలా?"

"నీకు కోపం రాదా నాన్నా?"

"వస్తుంది. వచ్చేలోపల నువ్వు ఏడుస్తావు, అది మర్చిపోతాను."

ఇద్దరూ నవ్వుకున్నారు. గాలి తేలికపడింది. పిచ్చుక కవరు మళ్లీ తీసింది. ఈసారి చాపలేదు, ఆయన ఒళ్లో పెట్టింది. "ఇప్పుడు ఆసుపత్రిలో ఎవరూ లేరు. పుచ్చుకో. అమ్మకు గాజులు కొంటావో, ఇటుకలే కొంటావో నీ ఇష్టం."

మేస్త్రి కవరు మీద చెయ్యి వేశాడు. పుచ్చుకున్నాడనే అనుకుంది పిచ్చుక. ఆయన దాన్ని జాగ్రత్తగా ఎత్తి మళ్లీ ఆమె ఒళ్లో పెట్టాడు.

"నీ దగ్గర పుచ్చుకోనిది ఆ భయం వల్ల కాదు, తల్లీ."

"మరెందుకు?"

"ఈ పొయ్యికి బయానా ఎప్పుడో పుచ్చుకున్నాను. ఒకే పొయ్యికి రెండుసార్లు ఎలా పుచ్చుకోను?"

పిచ్చుకకు అర్థం కాలేదు. ఈ పొయ్యికి అసలు రూపమే లేదు, నేల మీద ఒక గీత తప్ప. అడగబోయేంతలో గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడైంది.

"చెప్పేశారా అన్నయ్యగారూ?"

పిచ్చుక అత్తగారు. పొడుగ్గా, సన్నగా, మెడలో వేలాడే కళ్లజోడుతో, ఎప్పుడూ ఏదో సర్దుతున్నట్టుండే మనిషి. బ్యాంకు అప్పుకు జామీను సంతకం ఆవిడదే. ఆ పని మీదే బయల్దేరి, కోడల్ని వెంటబెట్టుకు వెళ్దామని ఇటు వచ్చింది. వీధి గదిలో ఎంతసేపట్నుంచి ఉందో గానీ, ఆవిడ కళ్లు కూడా తడిగానే ఉన్నాయి.

పిచ్చుక తండ్రి వంక చూసింది, అత్తగారి వంక చూసింది. అత్తగారింట్లో కిటికీ పక్కనున్న కుట్టుమిషను, పెట్టెల్లో మడతలుగా ఉన్న గలీబులు గుర్తొచ్చాయి.

"మీరా అత్తయ్యా?"

"నేనే. పెళ్లిమాటలకు మీ ఇంటికొచ్చినప్పుడు ఈయన నన్ను చూసి మంచినీళ్ల గ్లాసు వదిలేశారు. మర్నాడు మా ఇంటికొచ్చి డబ్బు తిరిగిచ్చేస్తానన్నారు, వడ్డీతో సహా. నేను వద్దన్నాను."

"ఎందుకొద్దన్నారు?"

"నేనిచ్చింది పొయ్యికి. డబ్బు వెనక్కి తీసుకుంటే బేరం రద్దయినట్టు. నాకు రద్దు చేసుకోవాలని లేదమ్మాయ్."

మేస్త్రి తల వంచుకున్నాడు. పిచ్చుక లేచి నిలబడింది. ఒక ప్రశ్న మిగిలింది. అది అడక్కుండా ఆమె ఇంక ఈ ఇద్దరి మొహాలూ చూడలేననుకుంది.

"నన్ను కోడలిగా అడిగింది అందుకేనా? బాకీ కింద జమ వేసుకున్నారా?"

"ఛ, అదేం మాట!" అత్తగారు గబగబా వచ్చి ఆమె చేతులు పట్టుకుంది. "నువ్వు రొట్టెల దుకాణంలో మోచేతుల దాకా పిండితో, ఎవరితోనో దెబ్బలాడుతూ ఉంటే చూశాను. చూడగానే మా వాడికి ఇదే సరైన మొగుడు అనుకున్నాను. నీ పేరెందుకలా వచ్చిందని మాటల్లో మీ అమ్మనడిగితే అద్దాల పెట్టె సంగతి చెప్పింది. ఏ సంవత్సరమో చెప్పింది. ఇంటికి వెళ్లి తలుపేసుకుని ఏడ్చాను. బాధతో కాదమ్మాయ్. అన్నేళ్లూ నా డబ్బు ఏమైపోయిందోనని కుమిలిపోయాను కదా. అది నువ్వయ్యావని తెలిసింది."

పిచ్చుక ఆవిడ భుజం మీద తల వాల్చేసింది. అత్తాకోడళ్లు అలా నిలబడటం చూసి మేస్త్రి గోడవైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు. ఇక్కడితో కథ ముగించాలని నాకూ ఉంది. కానీ మనసు ఊరుకోదు కదా. అత్తగారి భుజం మీద ఉండగానే పిచ్చుకకు ఒక్కొక్కటీ తోచడం మొదలైంది. దుకాణం పెట్టమని మొదట అన్నది ఎవరు? అత్తయ్య. ఈ గది వెతికి పెట్టింది ఎవరు? అత్తయ్య. నాన్న చేతే కట్టిద్దామని, తనకే తోచినట్టు తన చేత అనిపించింది ఎవరు?

ఆమె మెల్లిగా తల ఎత్తింది.

"ఈ పొయ్యి మీదా అత్తయ్యా?"

అత్తగారు కాదనడానికి నోరు తెరిచింది. తెరిచి, మళ్లీ మూసుకుంది. అబద్ధం ఆడటం ఆవిడకు చేతకాదు. "నాది అనుకోవడం ఎప్పుడో మానేశాననుకున్నాను," అంది. "ఇందాక గుమ్మంలోంచి ఆ గీత చూసేదాకా."

మేస్త్రి ఒక్కడికే మనసు కుదుటపడింది. దాచుకున్న మాట బయటపడ్డాక మనిషికి వచ్చే హాయి అది. ఆయన రసీదు కాగితం మోకాలి మీద పెట్టుకుని, జేబులోంచి కలం తీశాడు.

"ఇప్పుడు రాస్తానమ్మా. పుచ్చుకున్నాననే రాస్తాను, అందులో అబద్ధం లేదు."

రొట్టెల పొయ్యి నిమిత్తం బయానా ముట్టినది అని గుండ్రటి అక్షరాలతో రాశాడు. కింద సంతకం చేశాడు. జీవితంలో బయానాకు ఆయన రాసిన మొదటి రసీదు అది. పైన ఖాళీ వదిలిన చోటికి కలం తిరిగి వచ్చి ఆగింది.

"ఎవరి దగ్గర పుచ్చుకున్నానని రాయను?"

ఈ ప్రశ్న ఎంత పెద్దదో అడిగేదాకా ఆయనకూ తెలియలేదు. పిచ్చుక పేరు రాస్తే ఫైలు నిలబడుతుంది, కానీ ఆమె డబ్బు ఆయన ముట్టుకోనే లేదు. ఇంకొకరి పేరు రాస్తే రాసింది నిజమే అవుతుంది, దుకాణం మాత్రం పిచ్చుకది కాకుండా పోతుంది. కవరు పిచ్చుక చేతిలోనే ఉంది. ఒక్కసారి పుచ్చుకో నాన్నా, నా పేరు రాయి అని అడగడానికి ఆమె నోరు తెరిచింది.

ఆ లోపలే అత్తగారు కళ్లజోడు పెట్టుకుని, మేస్త్రి పక్కన నేల మీద కూర్చుంది.

"నా పేరు రాయండి, అన్నయ్యగారూ."